ఫిబ్రవరి 2 గడిలో ఏం రాయాలి? సమర్పణ పండుగ, ఆ రోజు పునీతులు, కొవ్వొత్తుల దీవెన

విచారణ_పత్రిక
అందరికీ నమస్కారం. మా విచారణ (పారిష్) గోడ క్యాలెండరు, ఫిబ్రవరి నెల పత్రిక రెండూ కలిపి అచ్చుకు వెళ్తున్నాయి. 2వ తేదీ గడి దగ్గర పని ఆగింది. ఒక క్యాలెండరులో "బాలయేసు సమర్పణ" అని ఉంది, పాతదాంట్లో "మరియమాత శుద్ధీకరణ" అని ఉంది, మరొకదాంట్లో "కొవ్వొత్తుల పండుగ" అని ఉంది. ఇవి మూడు పండుగలా, ఒకటేనా? అదే రోజు పునీత కొర్నేలి పేరు, ఒక ఫ్రెంచి పునీతురాలి పేరు కూడా కొన్ని పట్టికల్లో కనిపిస్తున్నాయి. అర్మేనియావాళ్లు 14న, రష్యావాళ్లు 15న చేస్తారంటున్నారు. గడిలో పట్టేది మూడు వరుసలే కానీ పత్రికలో ఒక పూర్తి పేజీ ఉంది. కొవ్వొత్తుల దీవెన ఏర్పాట్ల గురించి కూడా వివరంగా చెప్తే అదే పేజీలో వేస్తాం.

పీఠసేవ
మూడూ ఒకటే పండుగ అండీ. ఇప్పటి రోమన్ క్యాలెండరులో దాని పేరు "ప్రభువు సమర్పణ". 1969 సవరణకు ముందు పుస్తకాల్లో "మరియమాత శుద్ధీకరణ" అని ఉండేది. "కొవ్వొత్తుల పండుగ" అనేది జనం వాడుక. గడిలో మొదటి వరుసగా "బాలయేసు సమర్పణ పండుగ" అని పెద్ద అక్షరాల్లో వేయండి, పక్కన "తెలుపు" అని పూజావస్త్రం రంగు.

పేరు మారడం చిన్న విషయం కాదు. ఇది మరియమాత పండుగ కాదు, ప్రభువు పండుగ. ఆ తేడా వల్లే దీని స్థాయి మారుతుంది. మహోత్సవం స్థాయి లేని పునీతుల పండుగలు, మరియమాత పండుగలు సామాన్యకాలపు (పెద్ద పండుగల కాలాలు కాని మామూలు రోజుల) ఆదివారానికి దారి ఇవ్వాలి. ప్రభువు పండుగ అయితే ఆదివారమే దానికి దారి ఇస్తుంది. 2014, 2020, 2025లో ఫిబ్రవరి 2 ఆదివారం పడింది. ఆ రోజుల్లో సామాన్యకాలపు 4వ ఆదివారం పాఠాలు పక్కన పెట్టి సమర్పణ పూజే చేశారు. మళ్లీ ఆదివారం వచ్చేది 2031లో. 2026లో సోమవారం, 2027లో మంగళవారం.

వారంమధ్య వస్తే మహిమ గీతం ఉంటుంది, విశ్వాస సంగ్రహం ఉండదు. ఆదివారం వస్తే రెండూ ఉంటాయి. పాఠాలూ అంతే: మలాకీ 3:1–4, కీర్తన 24, హెబ్రీయులకు 2:14–18, లూకా 2:22–40. ఆదివారమైతే అన్నీ చదువుతారు. మామూలు రోజైతే మలాకీ, హెబ్రీ లేఖల్లో ఒకటి చాలు. సువిశేషానికి 32వ వచనంతో ఆగిపోయే చిన్న రూపం ఉంది. వీలైనంతవరకు దాన్ని వాడకండి. అక్కడ ఆగితే తల్లి గుండెలో ఖడ్గం దూసుకుపోతుందన్న మాటా పోతుంది, గుడిలో ఉన్న ప్రవక్త్రి అన్న ప్రస్తావనా పోతుంది.

లేవీ_12
పీఠసేవ గారు చెప్పిన పేరు మార్పుకు మూలం లూకా 2వ అధ్యాయంలోనే ఉంది. అక్కడ రెండు వేర్వేరు ధర్మశాస్త్ర విధులు కలిసి నడుస్తాయి. వాటిని విడదీయకపోతే పత్రికలో తప్పు పడుతుంది.

ఒకటి, బాలింత శుద్ధి. లేవీయకాండం 12 ప్రకారం మగబిడ్డ పుడితే తల్లికి 7 రోజులు మైల, 8వ రోజు బిడ్డకు సున్నతి, ఆ తర్వాత ఇంకో 33 రోజులు ఆమె ఆగాలి. మొత్తం 40. గడువు తీరాక ఏడాది గొర్రెపిల్లను దహనబలికి, ఒక గువ్వనో పావురపు పిల్లనో పాపపరిహార బలికి ఇవ్వాలి. గొర్రెకు స్తోమత లేకపోతే రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ సరిపోతాయి.

రెండోది, తొలిచూలు మగబిడ్డను దేవునికి ప్రత్యేకించడం. అది నిర్గమకాండం 13లో ఉంది. ఆ బిడ్డను విడిపించుకోవడానికి 5 తులాల వెండి అని సంఖ్యాకాండం 18:16 చెబుతుంది.

చాలా ప్రసంగాల్లో, చిన్న పుస్తకాల్లో "బాలయేసుకు బదులుగా రెండు పావురాలు ఇచ్చారు" అని వస్తుంది. అది తప్పు. పక్షులు తల్లి శుద్ధి కోసం ఇచ్చినవి, బిడ్డ విడుదల కోసం కాదు. బిడ్డకు కట్టాల్సిన వెండి సంగతి లూకా అసలు ఎత్తడు. ఆయన చెప్పేది బిడ్డను దేవుని ముందు నిలబెట్టడం ఒక్కటే. అందుకే "సమర్పణ" అన్న పేరు ఆ వచనాలకు చక్కగా అతుకుతుంది. ఇంకొకటి: గొర్రెపిల్ల లేకుండా పక్షులు మాత్రమే తెచ్చారంటే అది పేదల కానుక. ఆ ఇంటి స్థితి గురించి లూకా వేరే మాట చెప్పకుండానే చెప్పేశాడు.

ఇక తేదీ లెక్క. డిసెంబరు 25ను 1వ రోజుగా పట్టండి. 31కి 7 రోజులు. జనవరి 31 కలిపితే 38. ఫిబ్రవరి 2 సరిగ్గా 40వ రోజు. చాలామంది 25ను వదిలేసి 26 నుంచి లెక్కపెట్టి 3వ తేదీకి చేరి, తేదీ తప్పేమో అనుకుంటారు. పుట్టిన రోజు కూడా లెక్కలోదే.

తూర్పు_వాకిలి
ఆ లెక్కే 14, 15 తేదీల చిక్కునూ విప్పుతుంది.

అర్మేనియా అపోస్తలిక సంఘం క్రీస్తు జననాన్ని జనవరి 6న జరుపుతుంది. 6 నుంచి 31 వరకు 26 రోజులు, మరో 14 కలిపితే 40. కాబట్టి వాళ్లకు ఫిబ్రవరి 14. ముందురోజు సాయంత్రం చర్చి ఆవరణలో మంట వేసి, కొత్తగా పెళ్లయినవాళ్లు దాని చుట్టూ తిరిగి, మీదుగా దూకడం అక్కడి ఆచారం.

రష్యా, సెర్బియా, జార్జియా సంఘాలు పాత జూలియన్ పంచాంగం వాడతాయి. వాళ్ల పుస్తకంలో కూడా తేదీ ఫిబ్రవరి 2నే. కానీ ఆ పంచాంగం ఇప్పుడు మనకంటే 13 రోజులు వెనక ఉంది కాబట్టి మన గోడమీద అది 15 అవుతుంది. 2100 దాకా 15, 2101 నుంచి 16. గ్రీకు, రుమేనియా సంఘాలు మనతోపాటే 2న చేస్తాయి. అందుకని "ఆర్థడాక్స్‌వాళ్లకు 15న" అని గంపగుత్తగా వేయకండి.

పేరు గురించి ఒక మాట. గ్రీకులో ఈ పండుగ "హైపపాంతె". ఎదురువెళ్లి కలుసుకోవడం అని అర్థం. రష్యన్ "స్రెతెనియె" కూడా అదే. తెలుగులో దీనికి "ఎదురుకోలు" కంటే దగ్గరి మాట లేదు. పెళ్లివారు విడిదికి వస్తుంటే పిల్లవైపువాళ్లు దీపంతో, పానకంతో ఎదురువెళ్తారే, అదే. ముసలి సిమియోను గుడిలో బిడ్డకు ఎదురువెళ్లి చేతుల్లోకి తీసుకున్నాడు. కొవ్వొత్తి పట్టుకుని నడిచే జనం చేసేదీ అదే. సురియాని సంప్రదాయంలో "మఅల్తో" అంటారు, ప్రవేశం అని. మలంకర సంఘాలు ఆ పేరుతోనే 2న కొవ్వొత్తులు దీవిస్తాయి. హైదరాబాదులో ఉన్న వాళ్ల చర్చిల్లోనూ ఇదే పద్ధతి.

విచారణ_పత్రిక
"ఎదురుకోలు" పత్రిక పేజీకి శీర్షికగా పెడతాం, ధన్యవాదాలు. ఒక సందేహం. తపస్సుకాలం తొందరగా మొదలైన ఏడాది విభూది బుధవారం దీనిమీద పడితే ఏం చేస్తారు?

పీఠసేవ
పడదు. పాస్కా (ఈస్టర్) ఎంత ముందు వచ్చినా మార్చి 22 కంటే ముందు రాదు. దానికి 46 రోజుల ముందు విభూది బుధవారం, అంటే ఫిబ్రవరి 4. లీపు సంవత్సరమైతే 5. సమర్పణ ఎప్పుడూ రెండు రోజులైనా ముందే ఉంటుంది. మార్చి 22న పాస్కా వచ్చింది చివరిసారి 1818లో, మళ్లీ వచ్చేది 2285లో. 2008లో మార్చి 23 వచ్చినప్పుడు విభూది బుధవారం ఫిబ్రవరి 6.

తూర్పు_వాకిలి
మీ లెక్క పశ్చిమ సంఘానికి సరే. తూర్పున మాత్రం నిజంగానే ఢీకొంటుంది. అక్కడ మహా ఉపవాసకాలం బుధవారం కాదు, సోమవారం మొదలవుతుంది, పాస్కాకు 48 రోజుల ముందు. జూలియన్ మార్చి 22న పాస్కా వస్తే ఆ సోమవారం సరిగ్గా జూలియన్ ఫిబ్రవరి 2. 2010లో అదే జరిగింది. పాస్కా మన ఏప్రిల్ 4, ఉపవాసం మొదటి రోజు ఫిబ్రవరి 15. ఉపవాసపు తొలి సోమవారం పండుగ పూజకు వీలుపడదు కాబట్టి రష్యన్ సంఘం దాన్ని ఒకరోజు ముందుకు, క్షమాపణల ఆదివారానికి జరిపింది.

నాగావళి
ఇది అసలు రోమన్ల లూపర్కాలియా పండుగను మార్చి పెట్టినదని చాలాచోట్ల రాశారు. అది కూడా వేస్తే పాఠకులకు ఆసక్తిగా ఉంటుంది కదా?

పాత_పట్టిక
వేయకండి నాగావళి గారూ. ఆ వాదం నిలబడదు. లూపర్కాలియా ఫిబ్రవరి 15న జరిగేది, 2న కాదు. పైగా ఈ పండుగ పుట్టింది రోములో కాదు, యెరూషలేములో. 380లలో అక్కడికి యాత్రకు వెళ్లిన ఎగేరియా అనే స్త్రీ తన యాత్రా వివరాల్లో రాసింది: ప్రభువు ప్రత్యక్షత పండుగ (జనవరి 6) తర్వాత 40వ రోజున పునరుత్థాన ఆలయానికి ఊరేగింపుగా వెళ్తారు, పాస్కా అంత ఘనంగా చేస్తారు, గురువులూ బిషప్పూ లూకాలోని ఈ భాగం మీదే ప్రసంగిస్తారు అని. అప్పటి తేదీ ఫిబ్రవరి 14. గమనించండి, ఆమె కొవ్వొత్తుల ఊసెత్తలేదు. అవి తర్వాతి శతాబ్దంలో చేరాయి. బేత్లెహేము దారిలో చర్చి కట్టించిన ఇకేలియా అనే రోమన్ స్త్రీ ఆ ఆచారం మొదలుపెట్టిందని స్కితోపొలిస్ సిరిల్ రాశాడు.

కాన్‌స్టాంటినోపిల్‌లో జస్టీనియన్ చక్రవర్తి 542లో దీన్ని 2వ తేదీన స్థిరపరిచాడు. రోముకు ఇది తూర్పు నుంచి వచ్చింది. సిరియా మూలాలున్న పోపు మొదటి సెర్జియస్ (687–701) ఈ రోజున పునీత హాడ్రియను చర్చి నుంచి సాంతా మరియా మజ్జోరె దాకా ఊరేగింపు ఏర్పాటు చేశాడు. లూపర్కాలియా అప్పటికి ఎప్పుడో ఆగిపోయింది.

ఇక పునీతుల సంగతి. ఇక్కడ రెండు పుస్తకాలను వేరుగా చూడాలి. పూజ దేని ప్రకారం జరుగుతుందో అది సాధారణ రోమన్ క్యాలెండరు. ఫిబ్రవరి 2న అందులో సమర్పణ ఒక్కటే ఉంటుంది, వేరే పునీతులెవరూ లేరు. రోజువారీగా పునీతులందరినీ జాబితా వేసేది రోమన్ మార్టిరాలజీ. గ్రెగొరీ 13వ పోపు కాలంలో 1584లో వచ్చింది, తాజా సవరణ 2004ది. ఇంటర్నెట్లో "ఈ రోజు పునీతులు" అని కనిపించేవన్నీ ఎక్కువగా దీన్నుంచీ దీని పాత ముద్రణల నుంచీ కలగలిపి తీసినవి. అందుకే గందరగోళం.

ఫిబ్రవరి 2కి సంబంధించి మీ పేజీలో ధైర్యంగా వేసుకోదగ్గవాళ్లు:

పునీత జీన్ దె లెస్తోనాక్. 1556లో ఫ్రాన్సులోని బోర్డోలో పుట్టింది. రచయిత మాంటెయిన్‌కు మేనకోడలు. భర్త పోయాక, పిల్లలు పెద్దయ్యాక ఆడపిల్లల చదువు కోసం మరియమాత పేరిట ఒక మఠసభ స్థాపించింది. 1607లో దానికి రోము ఆమోదం వచ్చింది. 1640 ఫిబ్రవరి 2న మరణించింది, 1949లో పునీతురాలిగా ప్రకటించారు. మీరన్న ఫ్రెంచి పునీతురాలు ఈమే.

పునీత మరియ దొమెనిక మాంతొవాని. ఇటలీ. 1934 ఫిబ్రవరి 2న మరణం. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ పునీతురాలిగా ప్రకటించారు. అదే పూజలో మన పొరుగు తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాకు చెందిన దేవసహాయం కూడా పునీతుడయ్యాడు కాబట్టి మన పాఠకులకు ఆ తేదీ గుర్తుండే ఉంటుంది.

ధన్య అంద్రేయ కార్లొ ఫెర్రారి, మిలాను కార్డినల్. 1921 ఫిబ్రవరి 2న మరణం, 1987లో ధన్యుడిగా ప్రకటన. "పునీత" అని వేయకండి, ఇంకా దాని ముందు మెట్టయిన "ధన్య" దగ్గరే ఉన్నారు.

కాంటర్‌బరీ రెండో ఆర్చిబిషప్ పునీత లారెన్సు 619లో ఇదే తేదీన చనిపోయాడు. ప్రభువు పండుగకు చోటు వదలడానికి ఇంగ్లండులో ఆయన్ని 3న స్మరిస్తారు.

కొర్నేలి, అంటే అపోస్తలుల కార్యాలు 10లో పేతురు చేత జ్ఞానస్నానం పొందిన కైసరయ శతాధిపతి. పాత మార్టిరాలజీలో ఆయన పేరు ఫిబ్రవరి 2నే ఉండేది. అందుకే పాత పట్టికలు ఇంకా అలా చూపిస్తాయి. తూర్పు సంఘాల్లో సెప్టెంబరు 13.

చోటు ఒక్కరికే ఉంటే లెస్తోనాక్ పేరు వేయండి.

గుంటూరు_ఆల్మనాక్
ప్రొటెస్టంటు వైపు నుంచి రెండు మాటలు. లూథరన్, ఆంగ్లికన్ సంప్రదాయాల్లోనూ ఫిబ్రవరి 2న ఇదే పండుగ ఉంది. ఇంగ్లండు సంఘంలో ఇది ప్రధాన పండుగల్లో ఒకటి. 2న గానీ, జనవరి 28 నుంచి ఫిబ్రవరి 3 లోపు వచ్చే ఆదివారం గానీ జరుపుకోవచ్చు. క్రిస్మస్, ప్రత్యక్షతల కాలం దీంతో ముగుస్తుంది. అమెరికా ఎపిస్కోపల్ సంఘం కొర్నేలిని ఫిబ్రవరిలోనే స్మరిస్తుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. పాత తెలుగు బైబిలులో "సుమెయోను", మీ కథోలిక అనువాదంలో "సిమియోను". పత్రిక రెండు సంఘాలవాళ్ల చేతుల్లోకీ వెళ్తే మొదటిసారి రెండూ రాయండి. ఆయన్ని సీమోను పేతురుతో కలిపేవాళ్లూ ఉన్నారు.

అన్న విషయంలో ఇంకా ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ఫనూయేలు కూతురు, ఆషేరు గోత్రం, ప్రవక్త్రి. మరియమాత తల్లి అన్నమ్మ వేరు, ఆమె పండుగ జూలై 26. "పునీత అన్నమ్మ" అని మాత్రమే రాస్తే బొమ్మ పెట్టేవాళ్లు చిన్న మరియమ్మకు చదువు చెప్పే బొమ్మ తెచ్చి అతికిస్తారు. "ప్రవక్త్రి అన్న" అనే రాయండి. ఆమె వయసు 84 అని కొన్ని అనువాదాల్లో ఉంటుంది, 84 ఏళ్లు విధవగా ఉందని మరికొన్నిటిలో. గ్రీకు మూలం రెండు అర్థాలకూ తావిస్తుంది. రెండో అర్థం తీసుకుంటే వందేళ్లు దాటిపోతాయి. పత్రికలో "పండు ముసలి" అంటే సరిపోతుంది.

తూర్పు_వాకిలి
సిమియోను, అన్నల స్మరణ ఫిబ్రవరి 3. పెద్ద పండుగ మర్నాడు, ఆ సంఘటనలో ఉన్నవాళ్లను స్మరించడం తూర్పు సంఘాల పద్ధతి. రోమన్ మార్టిరాలజీ కూడా ఇప్పుడు వాళ్లిద్దరినీ 3నే పెట్టింది. 2వ గడిలో "పునీత సిమియోను పండుగ" అని వేయొద్దు.

విచారణ_పత్రిక
చాలా స్పష్టంగా ఉంది. ఇప్పుడు దీవెన ఏర్పాట్లు చెప్పండి. సుమారు 400 మంది, సాయంత్రం పూజ.

పీఠసేవ
దీవెన మొదలుపెట్టడానికి రెండు రూపాలు ఉన్నాయి. మొదటిది ఊరేగింపు: జనం ప్రధాన గుడి దగ్గర కాకుండా చిన్న గుడిలోనో, బడి ఆవరణలోనో, తగిన మరో చోటో చేరి అక్కడి నుంచి నడిచి వస్తారు. రెండోది ఘన ప్రవేశం: జనం గుడిలోనే కొవ్వొత్తులు పట్టుకుని నిలబడతారు, గురువు, పీఠసేవకులు, విశ్వాసుల తరఫున కొందరు వాకిలి దగ్గర చేరతారు. వాన, ట్రాఫిక్, ముసలివాళ్లు ఎక్కువ ఉండటం లాంటివి ఉంటే రెండోదే మేలు. 400 మందికి ఆవరణ చాలితే మొదటిదే చేయండి. ఎదురువెళ్లడం కాళ్లకు తెలియాలి.

క్రమం ఇది. ముందు కొవ్వొత్తులు వెలిగిస్తారు, వెలుగుతుండగా పల్లవి పాడతారు. గురువు సిలువ గుర్తుతో మొదలుపెట్టి, పలకరించి, పండుగ అర్థం క్లుప్తంగా చెబుతారు. తర్వాత దీవెన ప్రార్థన. పుస్తకంలో రెండు ఉంటాయి, ఒకటి చాలు. తర్వాత తీర్థం చల్లుతారు. అప్పుడు ఏ మాటలూ ఉండవు, మౌనంగా చల్లడమే. సాంబ్రాణి వేసి, "సమాధానంతో సాగిపోదాం" అన్న పిలుపుతో నడక మొదలవుతుంది. గుడిలోకి అడుగుపెట్టేటప్పుడు ప్రవేశ గీతం. గురువు పీఠానికి నమస్కరించి, ధూపం వేసి, తన స్థానానికి వెళ్తారు. ఊరేగింపులో కోప్ (భుజాలమీద కప్పుకునే పొడవాటి పై వస్త్రం) వేసుకుని ఉంటే అక్కడ దాన్ని తీసి పూజావస్త్రం వేసుకుంటారు. వెంటనే మహిమ గీతం, ఆరంభ ప్రార్థన.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తాను.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, గుడిలోకి వచ్చాక అలవాటుకొద్దీ పశ్చాత్తాప ప్రార్థన మొదలుపెట్టడం. ఈ రోజు అది లేదు. దీవెన, ఊరేగింపు దాని స్థానంలో ఉన్నాయి. పీఠం దగ్గరి పుస్తకాన్ని నేరుగా మహిమ గీతం పేజీలో తెరిచి పెడితే సగం సమస్య తీరుతుంది.

రెండోది, గురువుకు కొవ్వొత్తి మర్చిపోవడం. ఆయన కూడా వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకునే నడవాలి. సేవకుల్లో ఒకరికి ఆ పని పేరుపెట్టి అప్పగించండి.

మూడోది, దీన్ని మరియమాత పండుగగా భావించి నీలి గుడ్డలు కట్టడం, మరియమాత ప్రిఫేస్ (పూజ మధ్యలో గురువు చెప్పే స్తుతి ప్రార్థన) తీయడం. ఈ రోజుకు సొంత ప్రిఫేస్ ఉంది. పాత పద్ధతి గుర్తున్న పెద్దవాళ్లు ఊరేగింపుకు ఊదా వస్త్రం అడుగుతారు. 1960 నిబంధనలకు ముందు నిజంగానే ఊరేగింపు ఊదాలో, పూజ తెలుపులో జరిగేది. ఇప్పుడు మొత్తం తెలుపే.

మైనపువత్తి
కొవ్వొత్తుల పని నేను చెప్తాను.

సంఖ్య: 400 మందికి 440 తెప్పించండి. నూటికి పది విరిగినవీ, వత్తి లేనివీ, తడిసినవీ పోతాయి. సన్నవి, 15 సెంటీమీటర్ల పొడుగువి, పావుగంట ఊరేగింపుకు ధారాళంగా సరిపోతాయి. జనం చేతి కొవ్వొత్తులకు పారఫిన్ చాలు. పీఠం మీదవి తేనెమైనం అయితే బాగుంటుంది. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మామూలు పారఫిన్ అంతకంటే ముందే మెత్తబడుతుంది. రేకుల షెడ్డులో నిలబెట్టి ఉంచితే మధ్యాహ్నానికి వంగిపోతాయి. పెట్టెలో పడుకోబెట్టి, చల్లటి గదిలో పెట్టండి.

చేతిమీద మైనం పడకుండా కాగితం టీ కప్పు వాడతారు. కప్పు అడుగున కత్తితో కూడిక గుర్తులా చీరి, కొవ్వొత్తిని కింది నుంచి పైకి దూర్చాలి. చీలిక కొవ్వొత్తి మందం కంటే కొంచెం చిన్నగా ఉంటేనే కప్పు జారదు. ఇక్కడే ప్రమాదమూ ఉంది. కొవ్వొత్తి తరిగేకొద్దీ మంట కప్పు అంచుకు దిగుతుంది, కప్పు లోపలి ప్లాస్టిక్ పూత ఇట్టే అంటుకుంటుంది. మొదట్లో మంట అంచుకు పైన కనీసం నాలుగు వేళ్ల ఎత్తున ఉండేలా కప్పును కిందికి దించండి. రెండు వేళ్లకు వచ్చేసరికి ఆర్పేయమని ముందే చెప్పండి. గాలి లేకపోతే కప్పు కంటే 10 సెంటీమీటర్ల గుండ్రటి అట్టముక్కే మంచిది.

వెలిగించేటప్పుడు ఒకే సూత్రం: వెలిగేది నిటారుగా ఉండాలి, వెలగనిదే వంగాలి. అందరూ దీనికి తిరగేసి చేస్తారు. వెలిగే కొవ్వొత్తిని వంచితే వత్తి చుట్టూ నిండిన కరిగిన మైనం ఒక్కసారిగా పక్కవాళ్ల చేతిమీద, చీరమీద పడుతుంది. దీవెనకు ముందు దీన్ని మైకులో చెప్పి, ఇద్దరు పిల్లల చేత చేసి చూపించండి. వెలుగు పీఠసేవకుల నుంచి ప్రతి వరుస చివరి మనిషికి, అక్కడి నుంచి లోపలికి వెళ్లాలి.

లోపల ఫ్యాన్లు ఆపండి. గాలికి మంట ఒరిగితే ఆ పక్కే కరిగి గాడి పడుతుంది, అక్కడి నుంచి మైనం ధారగా కారుతుంది. వత్తి మరీ పొడుగున్నా పొగ, కారడం రెండూ. అర సెంటీమీటరు మిగిల్చి కత్తిరిస్తే చాలు. సింథటిక్ పైటలు, పిల్లల గౌన్ల కుచ్చిళ్లు, తలమీద ముసుగు కొసలు ఇవన్నీ మంటకు దగ్గరగా ఉండేవే. వరుసల మధ్య చేయి చాపినంత ఎడం ఉంచండి, ప్రతి వాకిలి దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక పెట్టండి. బాగా చిన్న పిల్లలకు వెలిగించకుండా ఇవ్వండి.

మర్నాటి పని: నేలమీది మైనం పూర్తిగా గట్టిపడ్డాకే ప్లాస్టిక్ స్కేలుతో గీకండి. వేడినీళ్లు పోసి కడిగితే మైనం తూములోకి వెళ్లి అక్కడ గడ్డకట్టి మూసేస్తుంది. బట్టమీద పడితే పైపొర గీకేసి, పైనా కిందా మామూలు కాగితం పెట్టి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఆనించండి. కాగితం పీల్చుకుంటుంది. పట్టుచీర అయితే ఇస్త్రీ వద్దు, చాకలికే ఇవ్వండి.

మిగిలిన ముక్కలు దీవించినవి. చెత్తబుట్టలో వేయకూడదు. ఇళ్లకు తీసుకెళ్లి జబ్బుపడినప్పుడు, తుపాను రాత్రుల్లో ప్రార్థన చేస్తూ వెలిగించుకోవచ్చు. గుడిలో మిగిలినవి కరిగించి మళ్లీ వాడండి.

స్వరపేటిక
క్వయర్‌వాళ్లకు: ఊరేగింపు గీతం సిమియోను కీర్తనే, లూకా 2:29–32. రోజూ రాత్రి ప్రార్థనలో వచ్చేదే కాబట్టి మఠాలవాళ్లకు నోటికి వస్తుంది. అన్యజనులకు వెలుగు అన్న మాటను పల్లవిగా జనానికి ఇచ్చి, చరణాలు క్వయర్ పాడాలి. నాలుగే వచనాలు కాబట్టి 400 మంది లోపలికి వచ్చేలోపు అయిపోతుంది. ప్రతి చరణానికీ పల్లవి రెండుసార్లు పాడించండి. ఒక చేతిలో కొవ్వొత్తి ఉన్నప్పుడు జనం పాటల పుస్తకం తెరవలేరు. పల్లవి కంఠతా వచ్చేంత చిన్నదై ఉండాలి. కీబోర్డు గుడిలో ఉంటుంది, ఊరేగింపు బయట ఉంటుంది. తోక భాగం సగం తాళం వెనకబడుతుంది. మధ్యలో ఒక డోలక్ నడిస్తే కలుస్తుంది.

మఠవాసిని
పేజీలో ఒక వరుస మాకూ ఉంచండి. 1997 నుంచి, పోపు రెండో జాన్ పాల్ పిలుపుతో, ఫిబ్రవరి 2 అంకిత జీవితపు ప్రపంచ దినం కూడా. విచారణలో ఉన్న సిస్టర్లు, బ్రదర్లు వ్రతాలు పునరుద్ఘాటిస్తే అది ప్రసంగం తర్వాత రావాలి, దీవెన దగ్గర కాదు. అక్కడ పెడితే జనం చేతుల్లో కొవ్వొత్తులు కరిగిపోతుంటాయి. అంకిత జీవిత దినాన్ని దగ్గరి ఆదివారానికి జరుపుకునే చోట్లు ఉన్నాయి. కానీ రోమన్ పద్ధతిలో సమర్పణ పూజ, కొవ్వొత్తుల దీవెన 2వ తేదీనే.

పాత_పట్టిక
3వ తేదీ గడికి ముడిపడిన విషయం: పునీత బ్లాసియు. అర్మేనియాలోని సెబస్తె బిషప్, 4వ శతాబ్దపు తొలినాళ్ల హతసాక్షి. ఆ రోజు గొంతు దగ్గర రెండు కొవ్వొత్తులు అడ్డంగా పెట్టి దీవిస్తారు. ఆ రెండూ 2న దీవించినవే అయి ఉండాలి. కాబట్టి పొడుగు కొవ్వొత్తులు నాలుగైదు జతలు ముందురోజే పక్కన పెట్టి, మధ్యలో ఎర్ర రిబ్బనుతో కట్టి ఉంచండి. గొంతు దగ్గర పెట్టేటప్పుడు వెలిగించకండి. అక్కడి నుంచి వారం తిరిగేసరికి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లు ఎలాగూ ఉన్నాయి, ఆ గడులు మీ దగ్గర ఖాళీగా ఉండవు.

విచారణ_పత్రిక
గడి ఇలా వేస్తున్నాం:

"బాలయేసు సమర్పణ పండుగ (తెలుపు). కొవ్వొత్తుల దీవెన.
అంకిత జీవితపు ప్రపంచ దినం.
పునీత జీన్ దె లెస్తోనాక్."

పత్రిక పేజీ శీర్షిక "ఎదురుకోలు". మొదటి పేరా: "క్రీస్తు జయంతి నుంచి 40వ రోజున మరియ యోసేపులు బిడ్డను యెరూషలేము దేవాలయానికి తెచ్చారు. ఆయనకు బదులుగా పేదల కానుకైన రెండు పావురాలు అర్పించారు..."

లేవీ_12
"ఆయనకు బదులుగా" తీసేయండి. "తల్లి శుద్ధి కోసం" అని రాయండి. "రెండు పావురాలు" కూడా కాదు, "రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ". లూకా రెంటినీ చెప్పి, వాళ్లు ఏవి తెచ్చారో చెప్పకుండా వదిలేశాడు.

విచారణ_పత్రిక
రెండూ దిద్దాం. సాయంత్రం అచ్చుకు పంపుతున్నాం.